అబూ సామి, వాల్టర్, ఒక తెగని వాదన

శుక్రవారం సాయంత్రం ఎండ తగ్గాక కువైట్‌లోని ఫహాహీల్‌లో సముద్రం ఒడ్డున కాసేపు నడవడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. మొన్న అలా నడుస్తూంటే వెనక నుంచి ధప్‌మని ఒక చప్పుడు వినిపించింది. కాసేపాగి మళ్ళీ అదే చప్పుడు. దళసరి తోలు మీద గట్టి బంతి వచ్చి పడితే వచ్చే చప్పుడది. క్రికెట్ బంతి అరచేతిలో పడితే అలా ఉండదు. తిరిగి చూస్తే ఇద్దరు కొరియా కుర్రాళ్ళు, చమురు కంపెనీ పనికి వచ్చినవాళ్ళు కాబోలు, ఎడమ చేతులకు పెద్ద పెద్ద తోలు తొడుగులు వేసుకుని దూరదూరంగా నిలబడి తెల్లటి బంతి ఒకటి విసురుకుంటున్నారు. వాళ్ళు నన్ను గమనించనే లేదు. నాకు మాత్రం కాళ్ళు ముందుకు సాగలేదు. పక్కనున్న సిమెంటు గట్టు మీద కూర్చుని, వాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయేదాకా ఆ చప్పుడు వింటూ ఉండిపోయాను. అబూ సామి పోయి చాలా కాలమైంది. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఈ ఊళ్ళో నాకు తెలిసి ఇప్పుడు నేనొక్కణ్ణే. నేను కూడా త్వరలో ఇఖామా, అంటే ఇక్కడి నివాస పర్మిట్టు, క్యాన్సిల్ చేయించుకుని రాజంపేటకు వెళ్ళిపోతున్నాను. ఆ తర్వాత ఇక్కడ ఆయన పేరు తలుచుకునేవాడు కూడా ఉండడు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి రావడానికి కొన్నేళ్ళ ముందు నేను సబ్హాన్‌లో ఒక గోదాములో స్టోర్ కీపర్‌గా చేరాను. చమురు బావులకు కావలసిన పైపులు, వాల్వులు అక్కడ నిల్వ ఉండేవి. అబూ సామి అక్కడ అకౌంట్లు చూసేవాడు. బట్టతల, లావుపాటి కళ్ళద్దాలు, ఎంత ఉక్కపోతలోనైనా మెడ దాకా గుండీలు పెట్టుకున్న తెల్ల చొక్కా. పాలస్తీనావాడు. పసివాడుగా ఉన్నప్పుడే ఊరు పోయింది. ఎక్కడెక్కడో పెరిగి, అమెరికాలో కొంతకాలం చదివి, కువైట్ చేరి ఇక్కడే పెళ్ళి చేసుకున్నాడు. “అయితే మీరు ఇక్కడే స్థిరపడిపోయారన్నమాట” అని ఒకసారి అంటే చాలాసేపు నవ్వాడు. “సుబ్బా, ఆ మాట ఇంకోసారి అను, బాగుంది” అన్నాడు. నా పేరు సుబ్బరాయుడు. అంత పేరు పలకడం ఆయన వల్ల కాలేదు.

నాకు వచ్చిన ఇంగ్లీషు రాజంపేట కాలేజీలో బట్టీపట్టినది. దాని మీద గోదాములో నేర్చుకున్న అరబ్బీ ముక్కలు చల్లి మాట్లాడేవాణ్ణి. ఎవరు ఏమడిగినా ‘ఎస్ సార్’ అనేయడం తేలికని చేరిన కొత్తలోనే తెలుసుకున్నాను. అబూ సామి కొన్నాళ్ళు ఊరుకుని, ఒకరోజు తన గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు.

“నీకు ఎస్ తప్ప ఇంకో మాట రాదా?”

“వచ్చు సార్.”

“అయితే నో అను.”

“దేనికి సార్?”

“దేనికైనా. సాయంత్రంలోపు నాతో ఒక్కసారి కాదని అను. ఎందుకు కాదో కూడా చెప్పాలి. ఆ రోజు నీకు ఇంగ్లీషు వచ్చినట్టు.”

ఆ సాయంత్రం నేను అనలేకపోయాను. మరో వారానికి గానీ నోరు పెగల్లేదు. ఒక పైపుల లోడు ఎక్కడ దించాలన్న దాని మీద ఆయన చెప్పినదానికి కాదన్నాను, కారణం కూడా చెప్పాను. ఆయన చెప్పిందే సరైనదని తర్వాత తేలింది. అయినా ఆ రోజు నాకు టీ తెప్పించి తాగించాడు. అంతవరకూ నా జీవితంలో తప్పు మాట్లాడినందుకు మెచ్చుకున్నవాళ్ళు లేరు.

మా గోదాము మేనేజరు వాల్టర్ అమెరికావాడు. ఆరడుగుల పైన ఉండేవాడు, కుడి మోచేయి పూర్తిగా చాపలేడు. కుర్రతనంలో వాళ్ళ ఊరి బేస్‌బాల్ జట్టులో ఆడి ఆ చేయి పాడు చేసుకున్నాడట. అబూ సామికి అమెరికాలో ఉన్నప్పుడు ఆ ఆట పిచ్చి పట్టింది. వాల్టర్ తమ్ముడు ఆటలు రికార్డు చేసి వీడియో క్యాసెట్లు పంపేవాడు. ఎప్పుడో ముగిసిపోయిన ఆటల గురించి వీళ్ళిద్దరూ మధ్యాహ్నం భోజనాల వేళ ఇవాళే జరిగినట్టు కొట్టుకునేవాళ్ళు. ఏమిటా గొడవ అని అడిగితే అబూ సామి టీ గ్లాసులు బల్ల మీద నాలుగు మూలలా పెట్టి నాకు ఆట నేర్పాడు. మన బౌలర్ లాంటివాణ్ణి అక్కడ పిచ్చర్ అంటారు. ఆట మొదలుపెట్టిన పిచ్చర్ అలసిపోతే మేనేజరు నడుచుకుంటూ మైదానంలోకి వెళ్ళి, అతని చేతిలోంచి బంతి తీసుకుని ఇంకొకడికిస్తాడు. ఆ వచ్చినవాడు రిలీఫ్ పిచ్చర్. ఆట చేజారిపోయేలా ఉన్నప్పుడు వస్తాడు. ఒక్కోసారి నాలుగు బంతులు వేసి పని ముగించుకుని పోతాడు. ఏటా అందరిలోకీ మేటి పిచ్చర్‌కి పెద్ద అవార్డొకటి ఇస్తారు. ఆ మధ్య దాన్ని అలా ఆఖర్లో వచ్చేవాడికిచ్చారు. అది న్యాయమా అన్యాయమా అన్నదే వీళ్ళ గొడవ.

“ఒకడు మొదట్నుంచీ ఎండలో నిలబడి, చొక్కా తడిసి ముద్దయ్యేదాకా విసురుతాడు” అనేవాడు వాల్టర్. “చివర్లో ఇంకొకడు నీడలోంచి లేచొచ్చి నాలుగు వేసి చేతులు దులుపుకుంటాడు. నేనూ అలా వచ్చినవాణ్ణే, తెలిసే చెప్తున్నా. మాకు చప్పట్లు చాలు. అవార్డు ఇవ్వాల్సింది ఆట మోసినవాడికి.”

“మొదలుపెట్టినవాడికి తప్పు చేసినా దిద్దుకోడానికి టైముంటుంది వాల్ట్” అనేవాడు అబూ సామి. “ఆఖర్న వచ్చేవాడికి అది లేదు. చేసిపోయిన తప్పులు వేరేవాడివి. ఒక్క బంతి జారితే పేరుపోయేది మాత్రం వీడిది. ఆ క్షణంలో వచ్చి నిలబడటానికి ఎంత గుండె కావాలి?”

నా వైపు తిరిగి నువ్వు చెప్పు అన్నారు. ఇద్దరిదీ నిజమే అన్నాను. అబూ సామికి కోపం వచ్చింది. “అది దుకాణదారు మాట. ఏదో ఒక వైపు నిలబడు. రేపు మనసు మార్చుకున్నా ఫరవాలేదు” అన్నాడు. నేను వాల్టర్ వైపు నిలబడ్డాను. మా నాన్న బత్తాయి తోటలో కూలికి పోయేవాడు. రోజంతా మోసేవాడి మీదికే నా మనసు పోయింది.

ఆగస్టు మొదట్లో ఒక తెల్లవారుజామున మస్తానన్న నన్ను తట్టి లేపాడు. మస్తానన్నది రాయచోటి, మా గోదాములోనే డ్రైవరు, ఫహాహీల్‌లో నాతో గదిలో ఉండేవాడు. “లెయ్యప్పా సుబ్బరాయుడూ, ఇరాక్ మిలిటరీ వాండ్లు వచ్చినారంట. రోడ్డు మింద ట్యాంకులు పోతాండాయి” అన్నాడు. మాక్ డ్రిల్ అయ్యుంటుందన్నాను. “డ్రిల్లు గాదు, ఏం గాదు. ఆ పొగ జూడు” అని కిటికీ తెరిచాడు. ఉత్తరాన ఆకాశం నల్లగా ఉంది. మధ్యాహ్నానికల్లా టెలివిజన్ ఆగిపోయింది. దుకాణాల షట్టర్లు దిగాయి. రెండు మూడు వారాల్లో మా గోదాము కూడా ఖాళీ అయింది. లారీలు తెచ్చి, పైపులన్నీ ఎక్కించుకుని ఉత్తరం వైపు తీసుకుపోయారు. నేను రాక్ రాక్‌కీ పెయింటుతో వేసిన నంబర్లు మాత్రం గోడల మీద మిగిలాయి.

అమెరికన్లు, ఇంగ్లీషువాళ్ళు ఫలానా హోటళ్ళకు వచ్చి పేరు చెప్పుకోవాలని ఆజ్ఞ వచ్చింది. వెళ్ళినవాళ్ళను బస్సుల్లో ఎక్కడికో తరలిస్తున్నారని తెలిసింది. వాళ్ళను ఇళ్ళలో దాచినవాళ్ళకు ఉరిశిక్ష అని కూడా ప్రకటించారు. వాల్టర్ భార్య ఎండాకాలం సెలవులకు ముందే అమెరికా వెళ్ళింది. ఆయన ఒక్కడే ఫ్లాట్‌లో దీపం వేసుకోకుండా ఉంటున్నాడు. అబూ సామి ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. ఆయన నా గదికి వచ్చి, “మధ్యాహ్నం నాతో రాగలవా? రాలేనంటే ఏమీ అనుకోను. నో అనడం నీకు నేర్పింది నేనే” అన్నాడు. ఎక్కడికో చెప్పలేదు. నేను అడగలేదు, తెలుస్తూనే ఉంది. మస్తానన్న మంచం మీద నుంచి లేచి కూర్చుని, “పో, పో. కానీ మెల్లిగ నడువు, పరిగెత్తొద్దు” అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. ఎండకు సైనికులు గోడల నీడకు చేరిన వేళ. వాల్టర్‌కి అరబ్బులు వేసుకునే తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా, తొడిగి, తలకు, ముఖానికి గుడ్డ చుట్టాము. అంత పొడుగు మనిషిని నడుం వంచి, ముసలివాడిలా ఈడ్చుకుంటూ నడవమన్నాడు అబూ సామి. చెరో పక్కా రెక్క పట్టుకుని బయల్దేరాము. చిన్న దిష్‌దాషా కావడంతో కింద ఆయన కాళ్ళు జానెడు కనిపిస్తున్నాయి, తెల్లగా. మలుపులో ఒక సైనికుడు లేచి ఎవరని అడిగాడు. “మా మామ. క్షయ. ఆస్పత్రిలో డాక్టర్లు లేరు, ఇంటికి తీసుకుపోతున్నాం” అన్నాడు అబూ సామి. వాల్టర్ దగ్గడం మొదలుపెట్టాడు. సైనికుడు ముక్కుకు చేయి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాడు. ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక అబూ సామి నేల మీద కూలబడ్డాడు. ఆయన చొక్కా మొదటిసారి మెడ దగ్గర గుండీ ఊడి ఉండటం చూశాను.

ఆ ఇంట్లో ఉండేది అబూ సామి, ఆయన భార్య. కొడుకు సామి అమ్మాన్‌లో చదువుకుంటున్నాడు. ఆమెను అందరూ ఉమ్మ్ సామి, అంటే సామి తల్లి, అనేవాళ్ళం. వెనక గదిలో గోడకు లోతైన గూడు ఒకటి ఉంటే, దానికి అడ్డంగా బట్టల బీరువా జరిపి వాల్టర్‌కి చోటు చేశారు. అలికిడి లేనప్పుడు గదిలో ఉండేవాడు, అలికిడైతే బీరువా వెనక్కి దూరేవాడు. నేను పొద్దున్నే రొట్టెల దుకాణం దగ్గర క్యూలో నిలబడి నాకూ మస్తానన్నకూ కొని, మిగతావి అక్కడికి పట్టుకెళ్ళేవాణ్ణి. ఇండియావాళ్ళని సైనికులు పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. పాలస్తీనా నాయకులు ఇరాక్‌ను వెనకేసుకొచ్చారు గనక పాలస్తీనావాళ్ళ జోలికి కూడా ఎక్కువ వచ్చేవాళ్ళు కాదు. ఆ వెసులుబాటే తర్వాత అబూ సామి మెడకు చుట్టుకుంటుందని అప్పుడు నాకు తట్టలేదు. ఆయనకు తట్టే ఉంటుంది.

రేడియో చెవికి ఆనించుకుని అమెరికా వార్తలు వినేవాళ్ళు ఇద్దరూ. వార్తల చివర ఆటల ఫలితాలు చెప్పేవాడు. అంతే, మళ్ళీ అదే గొడవ, ఈసారి గుసగుసల్లో. ఉమ్మ్ సామి గుమ్మంలో నిలబడి తిట్టేది. “ఊరు తగలబడుతుంటే మీకు బంతి గొడవా? పట్టుబడితే ఆ బంతి కోసమే పట్టుబడతారు!” అనేది. కానీ వాళ్ళు మానేసిన రోజున ఆమే వెళ్ళి రేడియో పెట్టేది. మాట లేకుండా వాల్టర్ గోడ చూస్తూ కూర్చోవడం ఆమెకూ భయమే.

కొన్ని వారాలు గడిచేసరికి వాదన తిరగబడింది. ఎప్పుడు తిరగబడిందో వాళ్ళు గమనించలేదు గానీ నేను గమనించాను. వాల్టర్ ఒకరోజు, “ఆఖర్న వచ్చేవాడికి ఇవ్వొచ్చు. నేను ఇన్నాళ్ళూ తప్పు చెప్పాను. అవసరమైనప్పుడు ఎవడు లేచి వచ్చాడన్నదే లెక్క” అన్నాడు, అబూ సామి ముఖం చూడకుండా. అబూ సామి మెచ్చుకోలేదు. “లేదు వాల్ట్. నువ్వు చెప్పిందే నిజం. రావడం ఒక్క క్షణం పని. దానికి గుండె అక్కర్లేదు, ఆవేశం చాలు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే లేచి మళ్ళీ అదే పని చేయడం, అదీ కష్టం” అన్నాడు. ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది. నిద్ర ఉండేది కాదు. మెట్ల మీద ఎవరు నడిచినా లేచి కూర్చుంటాడని ఉమ్మ్ సామి చెప్పింది. అది విని వాల్టర్, “నేను వెళ్ళిపోతాను. వెళ్ళి పేరు చెప్పుకుంటాను” అన్నాడు. “నేను కష్టమన్నాను గానీ నిన్ను పొమ్మనలేదు. రెండూ ఒకటి కాదు” అన్నాడు అబూ సామి విసుగ్గా, రొట్టె తుంచి ఆయన ముందు పెడుతూ.

ఒక ఉదయం నేను రొట్టెలు తెచ్చి ఇంకా చెప్పులు విడవలేదు, తలుపు మీద తుపాకీ మడమతో కొట్టారు. వాల్టర్ బీరువా వెనక్కి దూరాడు. అబూ సామి చొక్కా సర్దుకుని, తొందర లేనట్టు నడిచి తలుపు తీశాడు. ఒక ఆఫీసరు, ఇద్దరు కుర్ర సైనికులు. సైనికులు లోపలి గదుల్లోకి వెళ్ళారు. ఆఫీసరు కుర్చీలో కూర్చోబోయి బల్ల మీద బంతి చూశాడు. వాల్టర్‌ది. తెల్లటి తోలు మీద ఎర్ర దారం కుట్లు. తీయడం మరిచిపోయాము.

“ఇదేంటి?” అన్నాడు.

“బేస్‌బాల్. అమెరికాలో ఆడతారు.”

“నీ దగ్గరెందుకుంది?”

“కుర్రతనంలో అక్కడ చదివాను. చదువు మరిచిపోయాను, ఇది మిగిలింది” అని నవ్వాడు అబూ సామి. “టీ తాగుతారా? ఆట ఎలా ఆడతారో చెప్తాను, కూర్చోండి.”

వెనక గదిలో బీరువా తలుపు కిర్రుమంది. ఉమ్మ్ సామి గొంతు పెద్దగా వినిపించింది. “అవి నా బట్టలు! నీ తల్లి బట్టలు కూడా ఇలాగే లాగుతావా?” అబూ సామి అటు చూడలేదు. గ్లాసులు నాలుగు మూలలా పెడుతున్నాడు, నాకు పెట్టినట్టే. టీ పోసి ఆఫీసరు ముందుకు జరిపాడు. ఆఫీసరు ముఖం ఎండకు కమిలి, పెదవులు పగిలి ఉన్నాయి. మోసుల్‌లో బడిపంతులట, సైన్యంలోకి మళ్ళీ పిలిచారట. ఆట చెప్పాక అబూ సామి ఊరుకోలేదు. “మీరు పంతులు కదా, ఒక తగవు తీర్చండి” అని ఆ అవార్డు సంగతంతా చెప్పాడు. మొదట్నుంచీ మోసినవాడికా, ఆఖర్న వచ్చి నిలబెట్టినవాడికా?

ఆఫీసరు బంతిని చేతిలో తిప్పుతూ నిజంగానే ఆలోచించాడు. “ఆఖర్న వచ్చేవాడికి ఇవ్వకూడదు” అన్నాడు చివరికి. “వాడు తనంతట తాను రాలేదు కదా. పంపితే వచ్చాడు.” ఆ తర్వాత ఏదో ఎక్కువ మాట్లాడినట్టు చటుక్కున లేచి సైనికుల్ని కేకేశాడు. వాళ్ళు ఒక ఇస్త్రీ పెట్టె, సామి పాత బూట్లు పట్టుకుని వచ్చారు. ఆఫీసరు అవి కింద పెట్టమనలేదు. బంతిని జేబులో వేసుకుని, “మా పిల్లవాడికి” అన్నాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయాక వాల్టర్ బయటికొచ్చాడు. వస్తూనే, “వాడు ఎవరి వైపు మాట్లాడాడు?” అన్నాడు. అబూ సామికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ స్నానాల గదిలోకి పోయి వాంతి చేసుకున్నాడు.

ఇండియా వాళ్ళకు బస్సులు కుదిరాయి. బస్రా మీదుగా బాగ్దాద్, అక్కడి నుంచి అమ్మాన్, అక్కడ విమానం. మస్తానన్న నా పేరు కూడా రాయించి వచ్చాడు. నేను రానన్నాను. “యాడుంటావప్పా? తినేదానికి గింజ లేదు, చేసేదానికి పని లేదు. మీ అమ్మ యాడ్సి యాడ్సి సచ్చిపోతాది” అన్నాడు మస్తానన్న. అబూ సామికి తెలిసి నన్ను పిలిచాడు.

“ఎందుకు పోవటం లేదు?”

“రొట్టెలు ఎవరు తెస్తారు?”

“ఉమ్మ్ సామి నిలబడుతుంది క్యూలో.”

“నో” అన్నాను. “ఎందుకు నో అంటే...” అని కారణాలు చెప్పబోయాను. ఆయన చేయి చాపాడు, అరచేయి పైకి పెట్టి. “మేనేజరు వచ్చి చేయి చాపితే బంతి ఇచ్చేయాలి సుబ్బా. అక్కడ మాత్రం వాదన ఉండదు” అన్నాడు. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. వాల్టర్ నన్ను కావలించుకున్నాడు. ఉమ్మ్ సామి దారికి ఖర్జూరాలు కట్టి ఇచ్చింది. వాళ్ళకే లేవు.

ఎడారి గుడారాలు, నీళ్ళ కోసం తోపులాటలు దాటి ఇంటికి చేరాను. రాజంపేటలో ఆ శీతాకాలమంతా రేడియో దగ్గరే కూర్చున్నాను. సంవత్సరం చివర్లో విదేశీయుల్ని వదిలేస్తున్నారని విన్నాను. వాల్టర్ బతికి బయటపడి ఉంటాడనుకున్నాను. అలాగే జరిగింది. యుద్ధం ముగిసి, ఇరాక్ సైన్యం పోతూ పోతూ అంటించిన చమురు బావుల మంటలు ఆరాక నాకు మళ్ళీ వీసా వచ్చింది. సబ్హాన్ గోదాము మళ్ళీ తెరిచారు. వాల్టర్ ఉన్నాడు, సగం మనిషయ్యాడు. అబూ సామి గదిలో బల్ల వెనక వేరే ఎవరో కూర్చుని ఉన్నారు.

యుద్ధం ముగిసిన కొత్తలో, వీధుల్లో కోపం ఇంకా చల్లారని రోజుల్లో, అబూ సామిని కువైట్ వాళ్ళు దారిలో ఆపి గుర్తింపు కార్డు చూశారు. పాలస్తీనా అని ఉంది. అది చాలింది. ఇరాక్ వాళ్ళకు సాయం చేశారని పాలస్తీనావాళ్ళందరి మీదా అనుమానం. ఆయనింటికి ఆఫీసరు వచ్చి టీ తాగి పోవడం పక్కవాళ్ళు చూశారు. ఎందుకు తాగించాడో వాళ్ళకు తెలియదు. కొన్నాళ్ళు ఉంచుకుని, కొట్టి, వదిలేశారు. ఇఖామా మళ్ళీ ఇవ్వలేదు. భార్యాభర్తలు అమ్మాన్ వెళ్ళిపోయారు. వాల్టర్ తిరిగొచ్చేసరికే ఇదంతా అయిపోయింది. “ఆఫీసులన్నీ తిరిగాను సుబ్బా. ఆయన నన్ను దాచాడని చెప్పాను. మర్యాదగా విన్నారు, కాఫీ ఇచ్చారు” అన్నాడు. అమెరికాలో వాళ్ళ ఊళ్ళో వాల్టర్‌ని వేదిక ఎక్కించి, ధైర్యవంతుడని పతకం ఇచ్చారట. “నేను బీరువా వెనక కూర్చున్నాను, అంతే” అని, ఆ పతకాన్ని గురించి మళ్ళీ ఎత్తలేదు. మా కఫీల్, అంటే మాకు వీసాలిచ్చిన గోదాము యజమాని, మంచివాడే, కానీ ఆయన దగ్గర అబూ సామి పేరెత్తితే, “ఖలాస్. అయిపోయింది, వదిలెయ్” అనేవాడు.

కొన్నేళ్ళకు సెలవు దొరికినప్పుడు దారి మార్చి అమ్మాన్ మీదుగా టికెట్ తీసుకుని ఆయన్ని చూడటానికి వెళ్ళాను. బావమరిది కొళాయి సామాన్ల దుకాణంలో కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకునే ఉన్నాయి గానీ లోపల మెడ సన్నబడి కాలరు వదులుగా ఉంది. ఎడమ చేతి వేళ్ళు కొన్ని వంగటం లేదు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఉమ్మ్ సామి గురించి, మస్తానన్న గురించి, వాల్టర్ గురించి మాట్లాడుకున్నాము. ఆటల సంగతి నేనే ఎత్తాను. “ఇప్పుడు చూడటం లేదు” అన్నాడు. తర్వాత తనంతట తనే చెప్పాడు.

“ఒక బడిలో ఉంచారు మమ్మల్ని. పిల్లల బల్లలు ఇంకా అక్కడే ఉన్నాయి. కొట్టినప్పుడు నేను పాత ఆటలు గుర్తు చేసుకునేవాణ్ణి, ఎవరి తర్వాత ఎవరు ఆడారు అని. దెబ్బలు మరిచిపోయాను, నిజంగా. ఒకటే మరుపు రావటం లేదు. ఆ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల తిప్పి చూసేవాణ్ణి, నా కోసం ఎవరైనా వచ్చారేమోనని. ఎవరొస్తారు? వాల్ట్ అమెరికాలో, నువ్వు మీ ఊళ్ళో, కఫీల్ లండన్‌లో. ఉమ్మ్ సామిని గేటు దగ్గరే ఆపేశారు. అంతా తెలుసు నాకు. అయినా మెడ దానంతటదే తిరిగేది సుబ్బా. విడిపించలేకపోయినా సరే, తెలిసిన ముఖం ఒకటి అక్కడ కనిపిస్తే...” అని ఆగిపోయాడు. ఎవరో కొళాయి అడగడానికి వస్తే లేచి తీసి ఇచ్చాడు. అదే నేను ఆయన్ని చివరిసారి చూడటం. ఆయన పోయిన సంగతి సామి ఫోన్ చేసి చెప్పాడు. ఆ అవార్డు ఎవరికివ్వాలన్న వాదనలో నేను ఇప్పటికీ ఒక వైపు నిలబడతాను, మళ్ళీ మార్చుకుంటాను.

కిందటేడు మా గోదాములో సరుకు ఎత్తే సిరియా మనిషిని దారిలో తనిఖీలో పట్టుకున్నారు. కాగితాలు గడువు దాటాయి. తప్పు అతనిది కాదు, మధ్యవర్తిది. ఇప్పుడు గోదాము చూసుకుంటున్న కఫీల్ కొడుకు, “పంపించేస్తారు, మనం చేసేదేం లేదు. నువ్వు పని చూసుకో” అన్నాడు. అది నిజమే. నేను “నో” అని, ఎందుకో చెప్పి, టాక్సీ ఎక్కి పోలీసు స్టేషన్‌కి వెళ్ళాను. ముసలాడా, నీకేమవుతాడని స్టేషన్‌లో అడిగారు. నాతో పనిచేస్తాడన్నాను. ఇక్కడ నీ పనేం లేదు పొమ్మన్నారు గానీ, వరండాలో బల్ల మీద కూర్చుంటే ఎవరూ లేపలేదు. పొద్దు వాలేదాకా కూర్చున్నాను. నడుం నొప్పి పుట్టింది. అతణ్ణి విమానం ఎక్కించారు, నేను ఆపలేకపోయాను. కానీ అంతకుముందు ఒకసారి అతణ్ణి ఒక గదిలోంచి ఇంకో గదికి తీసుకుపోతుంటే వరండా తలుపు తెరుచుకుంది. అతను తల తిప్పి చూశాడు. నేను కనపడేలా లేచి నిలబడ్డాను.